బడి గది: ఆకాశమూ దిక్కూ

పిల్లలు తగ్గిన బడులను దగ్గర్లోని పెద్ద బడిలో కలిపేసి, మిగిలిన గదులను వేరే పనికి పెట్టడాన్ని జనం బడుల విలీనం అంటున్నారు. ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు హేతుబద్ధీకరణ. మహారాష్ట్రలో 20 మంది కంటే తక్కువ పిల్లలున్న బడులను కలిపి సమూహ శాళలుగా మార్చే ప్రతిపాదనలు పంపమని 2023లో విద్యాశాఖ జిల్లాలను అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నాటి 117వ నంబరు జీవో 3, 4, 5 తరగతుల పిల్లలను కిలోమీటరు లోపలి ఉన్నత పాఠశాలలకు పంపింది. 2025లో ప్రభుత్వం ఆ జీవోను వెనక్కి తీసుకుంది. ఆలోచన మూలాలు ఇంకా పాతవి. 1964-66 నాటి కొఠారీ కమిషన్ బడుల సముదాయాలు కావాలంది. అయితే ఆ కమిషన్ కోరింది ఒక ఉన్నత పాఠశాలా దాని చుట్టూ ఉన్న చిన్న బడులూ కలిసిమెలిసి పనిచేసి, ఉన్న వసతులను పంచుకోవడం. చిన్న బడికి తాళం వేయమని అది చెప్పలేదు.

ఈ ఉత్తర్వులన్నిటి అడుగునా ఒక తాత్త్విక ప్రశ్న ఉంది. గది నిండుగా ఉందో ఖాళీగా ఉందో దేన్ని బట్టి చెప్పాలి? ఆ గది మీద మొదటి హక్కు ఎవరిది? మహారాష్ట్రలోని షోలాపూర్ తెలుగు నేతవాళ్ల పేటల్లో, ముఖ్యంగా విడీ ఘర్కుల్ అనే బీడీ కార్మికుల కాలనీలో, ఈ ప్రశ్నను పుస్తకంలో వెతకడానికి ముందు ఒక ఇంట్లో చూడవచ్చు.

పద్మశాలీలు షోలాపూర్‌కు పాత నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చారు. నగరం తూర్పు వైపు పేటల్లో స్థిరపడ్డారు. అక్కడే కులదైవంగా కొలిచే మార్కండేయుడి గుడి, అక్కడే మగ్గాలు, ఆ తర్వాత పవర్‌లూములు. మగవాళ్లు మగ్గాల మీద ఉంటే ఆడవాళ్ల చేతికి బీడీ పని వచ్చింది. బీడీని మరాఠీలో విడీ అంటారు, ఘర్కుల్ అంటే చిన్న ఇల్లు. బీడీ కార్మికురాళ్ల సొంత ఇళ్ల కోసం కార్మిక నేత నర్సయ్య ఆడం నాయకత్వంలో సాగిన ఉద్యమం ఫలితంగా, కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ పేరిట 10,000 ఇళ్ల కాలనీ లేచింది. 2006లో ప్రధాని మన్మోహన్ సింగ్ ఆ ఇళ్లను అప్పగించారు. తర్వాత రేనగర్‌లో 30,000 ఇళ్లు తలపెట్టారు. వాటిలో 15,000 ఇళ్లను 2024 జనవరిలో ప్రధాని నరేంద్ర మోదీ అందజేశారు.

ఇలాంటి ఇంట్లో పొద్దున్నే వెలుతురు పడే చోటు గడప. ఇల్లాలు అక్కడ చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. తడిపి మెత్తబరిచిన తునికాకు మీద రేకు ముక్క కొలతగా పెట్టి కత్తెరతో కోస్తుంది. చిటికెడు పొగాకు పరిచి, చుట్టి, కొస మడిచి, దారం బిగిస్తుంది. వెయ్యి బీడీల లెక్కన కూలి. మధ్యాహ్నం చాట గోడకు ఆనుతుంది, అదే చోట కంచాలు పరుస్తారు. సాయంత్రం అక్కడే పిల్ల నోటుబుక్కు తెరుస్తుంది, రాత్రికి అక్కడే పక్కలు వేస్తారు. తల్లి బీడీలు చుట్టే వేళ ఆ గదిలో ఒక్కతే ఉంటుంది. అంతమాత్రాన గది ఖాళీగా ఉందని ఎవరూ అనరు. ఏ వేళకు ఏ పని జరగాలో ఆ పని జరుగుతోంది కాబట్టి అది నిండు గది.

ఇక పుస్తకం సంగతి. 17వ శతాబ్ది తెలుగు పండితుడు అన్నంభట్టు చదువు మొదలుపెట్టే పిల్లల కోసం 'తర్కసంగ్రహం' రాశాడు. న్యాయ, వైశేషిక దర్శనాలు చదవదలచినవాళ్లు ఇప్పటికీ ముందు చేతపట్టేది ఆ చిన్న గ్రంథమే. అందులో ద్రవ్యాలు తొమ్మిది: భూమి, నీరు, నిప్పు, గాలి, ఆకాశం, కాలం, దిక్కు, ఆత్మ, మనస్సు. మనం జాగా అని ఒక్క మాటలో తేల్చేసేదాన్ని ఈ వరుస రెండుగా విడదీసింది. ఆకాశం వేరు, దిక్కు వేరు. ఆకాశానికి ప్రత్యేక గుణం శబ్దం. తూర్పు, పడమర అని మాట్లాడగలగడానికి కారణం దిక్కు. ఇది దగ్గర, అది దూరం అన్న తేడా కూడా దిక్కు వల్ల వచ్చేదే.

సంఖ్య, పరిమాణం మాత్రం ఈ శాస్త్రంలో తొమ్మిది ద్రవ్యాలకూ ఉమ్మడి గుణాలు. ఒక వస్తువు ఎన్ని ఉందో, ఎంత ఉందో అవి చెబుతాయి. అది ఏమిటో చెప్పలేవు. తలలు లెక్కపెట్టి, గది పొడవు వెడల్పులు కొలిచి, భాగించి, ఈ బడి అక్కర్లేదని రాసే పట్టికకు ఉన్న లోటు ఇదే. ఆ పట్టికలో అంకెలన్నీ సరిగ్గానే ఉండవచ్చు. అవే అంకెలు గోదాముకూ సరిపోతాయి, పెళ్లి హాలుకూ సరిపోతాయి. బడిని బడిగా నిలబెట్టే గుణాలు వేరే ఉన్నాయి.

మొదటిది శబ్దం. షోలాపూర్‌లో నగరపాలిక బడులు మరాఠీతో పాటు కన్నడ, ఉర్దూ, తెలుగు మాధ్యమాల్లోనూ నడిచాయి. విడీ ఘర్కుల్ పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధి చివర మరాఠీ. బతుకుదెరువు కోసం తల్లిదండ్రులు మరాఠీ, ఇంగ్లిష్ మాధ్యమాల వైపు మొగ్గుతున్నారు. వాళ్లను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. దాంతో తెలుగు తరగతులు పలచబడ్డాయి. తెలుగు తరగతిలో 12 మంది, పక్కన మరాఠీ తరగతిలో 25 మంది ఉన్నారనుకుంటే, పట్టిక వాళ్లను 37గా కూడుతుంది. కుర్చీలు కూడవచ్చు, కిటికీలు కూడవచ్చు. రెండు శబ్దాలను కూడితే వచ్చేది ఒక శబ్దం ఉన్న గదీ, నోరు మెదపని 12 మంది పిల్లలూ. ఆరేళ్ల పిల్లకు ఆకు అన్న మాట తెలుసు, అమ్మ చాటలో చూసింది, వాసన చూసింది, ముట్టుకుంది. చదువు ఆ మాట దగ్గర మొదలైతే అక్షరం వస్తువుకు అతుక్కుంటుంది. తెలియని మాటతో మొదలైతే అక్షరం గాలిలో నిలుస్తుంది.

ఈ సంగతి తెలిసినవాళ్లు చట్టాలు చేసినవాళ్లలోనూ ఉన్నారు. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం, బడి మొత్తంలో 40 మంది గానీ ఒక తరగతిలో 10 మంది గానీ వేరే మాతృభాష పిల్లలుంటే వాళ్ల భాషలో చెప్పే ఉపాధ్యాయుణ్ని వేయాలని తీర్మానించింది. 1956లో ఏడవ సవరణతో రాజ్యాంగంలోకి 350ఎ అధికరణం వచ్చింది. భాషాపరంగా మైనారిటీ అయిన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ పూనుకోవాలని దాని సారాంశం. 10 కూడా అంకే. అయితే ఆ అంకెను శబ్దానికి కంచెగా వేశారు. విలీనాల్లో వాడే 20 అనే అంకె గదికి తాళంగా పనిచేస్తోంది.

కాలం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇరుకు భవనాల్లో రెండు పూటల బడి మహారాష్ట్ర పట్టణాల్లో పాత అలవాటు, ఒకే గది పొద్దున ఒకరిది, మధ్యాహ్నం మరొకరిది. 2024 ఫిబ్రవరిలో పిల్లల నిద్ర చాలడం లేదని నాలుగో తరగతి దాకా ఉదయం 9 గంటల కంటే ముందు బడి పెట్టవద్దని ప్రభుత్వం చెప్పింది. మంచి ఉద్దేశమే, కానీ రెండు పూటల బడులకు వెంటనే గదుల కొరత వచ్చిపడింది. గోడలు అంగుళం కూడా జరగకుండానే జాగా తగ్గింది.

మిగిలింది దిక్కు. తెలుగులో ఈ మాటకు ఇంకో అర్థం ఉంది. ఆదుకునేవాళ్లు లేనివాణ్ని దిక్కులేనివాడు అంటారు. శాస్త్రం చెప్పే దగ్గరతనమూ, వాడుకలోని ఆసరా అనే అర్థమూ బడి విషయంలో ఒకటే అవుతాయి. విద్యాహక్కు చట్టం కింద మహారాష్ట్ర నియమాల్లో ఐదో తరగతి దాకా బడి కిలోమీటరు లోపల, ఆపై ఎనిమిది దాకా మూడు కిలోమీటర్ల లోపల ఉండాలి. పటం మీద కిలోమీటరు అందరికీ ఒకటే. ఏడేళ్ల పిల్ల లారీలు నడిచే రోడ్డు దాటి పోవాల్సిన కిలోమీటరు వేరు. వెయ్యి లెక్కన కూలి పడే తల్లి రోజూ పిల్లను దించి, తిరిగి తీసుకురావడానికి గంట పోతే ఆ గంటకు చుట్టాల్సిన బీడీలు తగ్గుతాయి. దూరాన్ని ఆమె తన కూలిలోంచి కడుతుంది. కొన్నాళ్లకు పిల్ల ఇంట్లోనే ఉండి ఆకు కోయడం మొదలుపెడితే ఆ ఖర్చు ఏ పట్టికలోనూ కనపడదు.

పైగా షోలాపూర్‌లో జరిగింది జనం తగ్గడం కాదు, జనం కదలడం. వేల ఇళ్లు నగరం అంచుకు పోతే పిల్లలూ అటే పోతారు. బడి భవనం పోలేదు. పాత పేటలో గది ఖాళీ అయిందంటే ఆ పిల్లలు ఎక్కడో ఒక ఇరుకు గదిలో ఉన్నారనో, లేదా ఏ గదిలోనూ లేరనో అర్థం. ఖాళీ గదిని చూసినప్పుడు ముందు అడగవలసిన మాట, వీళ్లు ఏ దిక్కుకు పోయారని.

విలీనం పక్షాన చెప్పదగిన వాదం కూడా తత్త్వశాస్త్రంలో ఉంది, దాన్ని తేలికగా తీసేయకూడదు. అద్వైత ఆచార్యుడు గౌడపాదుడు మాండూక్య కారికల్లో ఘటాకాశం దృష్టాంతం చెప్పాడు. కుండలోని ఆకాశం, బయటి ఆకాశం రెండు కావు. కుండ పగిలితే ఆకాశానికి నష్టం లేదు. అలాగే విద్య ఒక్కటే, గోడలు కుండలాంటి పైపై హద్దులు, వాటిని తీసేస్తే విద్యకు లోటేమిటి అనవచ్చు. ఇందులో నిజం ఉంది. ఐదు తరగతులకు ఒకే ఉపాధ్యాయుడు, ఆడుకోవడానికి ఈడువాళ్లు లేని ముగ్గురు పిల్లలు, తాళం తీయని సైన్సు పెట్టె ఉన్న చోట గోడను పట్టుకుని వేలాడడం భక్తి కాదు. కానీ గౌడపాదుడే అదే ప్రకరణంలో మరో మాట కూడా అన్నాడు. ఒక కుండలో పొగ, దుమ్ము చేరితే అన్ని కుండలకూ అంటవు. కుండకూ కుండకూ రూపం, పని, పేరు వేరుగానే ఉంటాయి. ఆకాశం ఒక్కటే అన్నది పరమార్థంలో మాట, వ్యవహారంలో కుండల తేడా పోదు. బడి వ్యవహారంలో ఉంది. పరమార్థంలోని ఏకత్వాన్ని తెచ్చి బదిలీ ఉత్తర్వుకు కారణంగా చూపడం అద్వైతానికి అన్యాయం.

గది ఎవరిదన్న ప్రశ్నకు ధర్మశాస్త్రం జవాబు ఇంకా సూటిగా ఉంది. దానంగా ఇచ్చిన భూమిని ధర్మకర్త అనుభవించడు, కాపాడతాడు. దాత ఇచ్చింది స్థలాన్ని కాదు, ఒక ప్రయోజనాన్ని. నేతవాళ్ల చందాలతో లేచిన సంఘం బడికైనా, పన్నులతో లేచిన నగరపాలిక బడికైనా ఇదే వర్తిస్తుంది. 1950 నాటి బాంబే పబ్లిక్ ట్రస్టుల చట్టం 55వ సెక్షన్‌లో ఈ ఊహ ఉంది. మొదటి ప్రయోజనం నెరవేర్చడం వీలుకాకపోతే ఆస్తిని దానికి వీలైనంత దగ్గరి ప్రయోజనానికి వాడాలి. తెలుగు బడి గదికి దగ్గరి ప్రయోజనం తెలుగు పిల్లల చదువే. అది కాకపోతే పేటలోని అంగన్‌వాడీ, కాకపోతే సాయంత్రం బీడీ తల్లులు అక్షరాలు దిద్దుకునే చోటు. దుకాణాల సముదాయం ఈ వరుసలో రాదు.

కలపక తప్పని చోట ఎలా కలపాలో మగ్గానికి తెలుసు. పాత పడుగు అయిపోవచ్చినప్పుడు నేతగాడు దాన్ని కోసి పారేయడు. కొత్త పడుగు పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటే అతుకుతాడు. వేళ్ల మధ్య మెలి తిప్పడం, లాగి చూడడం, తర్వాతి పోగు. దీన్ని అచ్చు అతకడం అంటారు. గంటల పని, ఓపిక పని. ఒక్క పోగు తప్పినా ఆ చీలిక చద్దరు పొడవునా కనపడుతుంది. బడులను కలిపే పనిలోనూ ప్రతి పిల్లనూ పేరుతో అతకాలి. ఏ ఇంటి నుంచి, ఏ దారిన, ఏ భాష గదిలోకి, ఎవరి చేతికి అన్నది తేలాకే కత్తెర పట్టాలి.

కాబట్టి షోలాపూర్ తూర్పు పేటలో ఒక తెలుగు గదికి తాళం పడుతుందంటే, అంతకు ముందే విడీ ఘర్కుల్‌లో ఒక తెలుగు గది తలుపు తెరిచి ఉండాలి, అందులో తెలుగు వచ్చిన ఉపాధ్యాయుడు కూర్చుని ఉండాలి. ఈ వరుస తిరగబడిన చోట విలీనాన్ని అధికారులు ఆపాలి, ఆపకపోతే తల్లిదండ్రులు అడగాలి.