పటం మీది ముఖం, పటం కింది గుడ్డ

ఒక చిత్రకారుడు మరొక మహాచిత్రకారుని శైలిని ఆశ్రయించి, గుడ్డ, కాగితం, మట్టి, రంగు వంటి పలు సామగ్రులను కలిపి తన రూపాన్ని తానే చిత్రించుకున్నప్పుడు, అందులో కనిపించేది అతని స్వరూపమేనా, లేక అరువు చూపులో ఏర్పడిన ఆకారమా అన్న ప్రశ్న కళావిమర్శకు ఎంత చెందుతుందో వేదాంతానికీ అంతే చెందుతుంది. చిత్రకారుడు పాల్ గోగాఁ తాహితీ స్త్రీలను చిత్రించిన తీరును మనసులో ఉంచుకొని, చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1934లో తన్ను తాను తాహితీ స్త్రీగా గీసుకున్నది. ఆ చిత్రంలో దేహం ఆమెదే అయినా దాన్ని నిలిపిన తీరు మరొకరిది. ఆమె వెనుక పడిన పురుషుని నీడ, చూస్తున్నది ఎవరన్న సందేహాన్ని మరింత పెంచుతుంది.

ఈ సందేహాన్ని విచారించడానికి తగిన పరిభాష 14వ శతాబ్దపు విద్యారణ్యుల పేర ప్రసిద్ధమైన పంచదశిలో, చిత్రదీపమనే ఆరవ ప్రకరణంలో ఉన్నది. అక్కడ చిత్రపటానికి నాలుగు అవస్థలు చెప్పబడ్డాయి: ఉతికిన తెల్లని గుడ్డ ధౌతం, గంజి పట్టించి గట్టిపరచినది ఘట్టితం, రేఖలు గీసినది లాంఛితం, రంగులు నింపినది రంజితం. పరమాత్మకు కూడా ఇదే క్రమంలో శుద్ధచైతన్యం, అంతర్యామి, సూత్రాత్మ, విరాట్టు అనే నాలుగు అవస్థలను ఆ గ్రంథం అన్వయిస్తుంది.

ఈ క్రమం శాస్త్రదృష్టాంతంగానే కాక, పనివారి చేతుల్లోనూ నిలిచి ఉన్నది. సిద్దిపేట జిల్లాలోని చేర్యాల పటాలే ఇందుకు ఉదాహరణ. అక్కడ పటాలు గీసే నకాషీలు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, జిగురు, ఉడికించిన చింతగింజల అంబలి కలిపి పూతలు పూసి, ఆరిన తరువాత కుంచెతో రేఖలు గీసి, నేపథ్యమంతా ఎరుపు నింపి, ఆపైన బొమ్మలకు రంగులు వేస్తారు. చింతగింజల అంబలిని రంపపు పొట్టుతో కలిపి వారు చేసే ముఖాలలోనూ ఒక్క పదార్థంతో ఏర్పడిన ముఖం ఉండదు.

పటంలోని రాజుకు ధోవతి గీస్తే అదీ గుడ్డలాగే కనిపిస్తుంది, అయితే ఒంటిని కప్పగల గుడ్డ కింద ఉన్నదే తప్ప గీసినది కాదు. గీసిన గుడ్డను ఆధారమైన గుడ్డగా భ్రమించినట్టే, బుద్ధిలో ప్రతిఫలించిన చైతన్యమైన చిదాభాసను జీవుడు తానని భావిస్తాడని విద్యారణ్యుల వాదం. దీని ప్రకారం ఆత్మచిత్రం చూపగలిగేది చిదాభాసను మాత్రమే. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణాన్ని, మాదిగలకు డక్కలివారు జాంబపురాణాన్ని పటం చూపుతూ చెప్పినప్పుడు, ఒక్కొక్క కులం అందులో తన పుట్టుకను, తన ముఖాన్ని గుర్తుపడుతుంది. అదీ సమష్టి ఆత్మచిత్రమే, అదీ రంజితావస్థకు చెందినదే.

బౌద్ధులు ఇంతకంటే ముందుకు పోతారు. చక్రం, ఇరుసు, కాడి వంటి భాగాలలో ఏదీ రథం కాదని, వాటికి వేరుగానూ రథం లేదని మిళిందపన్హ అనే గ్రంథంలో నాగసేనుడనే భిక్షువు చూపిన తర్కాన్ని పటానికి వర్తింపజేస్తే, గుడ్డ సైతం పోగుల కూర్పుగానే తేలి, ఆధారమన్న మాటకే ఆధారం పోతుంది. కింద ఏమున్నదన్న విషయంలో ఈ రెండు దర్శనాలకు సంధి కుదరకపోయినా, పైన కనిపించే ఆకారాన్ని ఆత్మగా తీసుకోరాదన్న విషయంలో భేదం లేదు. అందువల్ల అతుకులను, బయటపడిన గుడ్డను, ఎండిన జిగురును దాచకుండా ఉంచే మిశ్రమ సామగ్రి చిత్రం, కేవలం పోలికను సాధించే నునుపైన చిత్రం కంటే ఈ విచారణకు దగ్గరగా ఉంటుంది.

ఇక అరువు శైలి సంగతి. జనగామ జిల్లాలోని బమ్మెరకు చెందిన పోతన భాగవతం తెనిగించి, దాని కర్తృత్వాన్ని రామునికే ఒప్పగించినంత మాత్రాన ఆ పద్యాలలో పోతన లేకుండా పోలేదు. చేయించినవారి పేరు చెప్పడం చేసిన చేతిని చెరిపివేయదు. గురువు శైలిలో గీసిన ఆత్మచిత్రం అరువు వల్ల అబద్ధం కాదు. అరువును సొంతమని, పూతను ఆధారమని నమ్మించినప్పుడే అబద్ధమవుతుంది.