మూడుసార్లు చెప్పాక



రేణిగుంటలో విమానం దిగే ముందు చాలామంది ప్రయాణికులు కిటికీలోంచి తిరుమల కొండలను చూసి చేతులు జోడిస్తారు. విమానం నడిపేవారికి కొండ అంటే తప్పుకొని పోవలసినది. మబ్బు పట్టిన రోజున అది కంటికి కనబడదు. అప్పుడు యంత్రాల లెక్కలు, పక్క సీటులోని మనిషి మాటా, ఇవే కళ్ళు.

2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు మన చిత్తూరు జిల్లాకు బయలుదేరిన హెలికాప్టర్ నల్లమల కొండల్లో కూలింది. ఐదుగురు మరణించారు. ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వస్తే, ఏం చేయాలో పుస్తకంలో వెతుకుతూ పైలట్లు ఆరు నిమిషాలకు పైగా గడిపారని దర్యాప్తు సంఘం తేల్చింది. ఒకరు పుస్తకం చూస్తే మరొకరు ఆకాశం చూడాలన్నది ఇంట్లో కూర్చున్న మనకు తేలికగా తోచే మాటే.

మరుసటి ఏడు జరిగినది నన్ను ఇంకా కలవరపెడుతుంది. 2010 మే 22 ఉదయం దుబాయి నుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో దిగబోయింది. అక్కడి రన్‌వే కొండ నెత్తిన బల్ల పరచినట్టుంటుంది, దాని చివర లోయ. కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడు. విమానం ఉండవలసిన ఎత్తు కంటే బాగా పైనుండి, మరీ వేగంగా కిందికి దిగసాగింది. నేల గురించి హెచ్చరించే యంత్రం పదే పదే అరిచింది. కో-పైలట్ మూడుసార్లు "గో అరౌండ్" అన్నాడు. అంటే దిగవద్దు, పైకి లేచి మళ్ళీ వద్దామని. కెప్టెన్ వినలేదు. 166 మందిలో 158 మంది పోయారు. మన విచారణల నుండి కువైటుకు, దుబాయికి వెళ్ళి సెలవులకు ఇంటికి వచ్చేవారి వంటివారే వారిలో ఎందరో.

నివేదికలో ఒకచోట నేను ఆగిపోయాను. కో-పైలట్ తానే విమానాన్ని పైకి లేపవచ్చునా అన్న విషయంలో నిబంధనలు స్పష్టంగా లేవట. బహుశా అందువల్లనే అతడు చెప్పాడే గాని విమానాన్ని తన చేతిలోకి తీసుకోలేదట.

చెప్పవలసినది చెప్పేశాక మన బాధ్యత తీరిపోతుందా?

కిందివారు పైవారిని మర్యాదతో సరిదిద్దడం ప్రేమ విధించే ధర్మమని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. అంతియొకయలో పౌలు పేతురును ముఖాముఖి ఎదిరించిన సంగతిని చూపారు. అయితే బలవంతంగా సరిదిద్దే అధికారం కిందివానికి లేదనీ అన్నారు. సెమినరీలో అది చదివిన రోజుల్లో నాకు ఏ చిక్కూ తోచలేదు. ఇప్పుడు తోస్తున్నది. కెప్టెన్‌కు అధికారం ఇచ్చింది ప్రయాణికుల కోసమే గదా! ఆ అధికారమే వారిని లోయ వైపు తీసుకుపోతుంటే, కో-పైలట్ లోబడవలసినది వెనుక కూర్చున్న ఆ 160 మందికి. అతడు చేయి వేసి ఉంటే దానిని అవిధేయత అనలేను. చేయి వేయనందుకు అతడిని నిందించనూ లేను. అతడికి దొరికినవి కొన్ని సెకన్లు. ఆ నిబంధనలు రాసినవారికి ఏళ్ళు దొరికాయి.

మన ఇళ్ళలో "పెద్దల మాటకు ఎదురు చెప్పకు" అని పిల్లలకు నేర్పుతాము, మంచిదే. కాని దిగే ముందే కెప్టెన్ "నేను తప్పితే చెప్పు, వినకపోతే నువ్వే తీసుకో" అని తన నోటితో అనాలి. ఆ మాట కిందినుండి మొదలు కాదు.

పోయిన వారం మా ఉపదేశిగారితో ఇదే అన్నాను. ఆయన నవ్వి, "అలాగే ఫాదరుగారూ" అన్నారు. ఇరవై ఏళ్ళుగా నేను ఏమన్నా ఆయన చెప్పే జవాబు అదే.