ద్రవ్యమునకు స్వభావము కలదా?

మేలును కీడును వస్తువులయందే నిలిచియున్నవా, లేక ఒక వస్తువు తక్కినవానితో పొందిన సంబంధమునుబట్టి కలుగుచున్నవా యను ప్రశ్న కృష్ణాతీరమునకు క్రొత్తది కాదు. నాగార్జునకొండతో సంప్రదాయము ముడివేసిన ఆచార్య నాగార్జునుడు, ఇతర హేతువుల నాశ్రయించి పుట్టినదేదియు స్వతస్సిద్ధమైన స్వభావము కలది కాజాలదని తన మూలమధ్యమకకారికలలో వాదించెను. బౌద్ధము ఈ డెల్టాలో ఎంతదూరము వ్యాపించెనో పామర్రునకు దక్షిణముననున్న ఘంటసాల స్తూపావశేషములు చాటుచున్నవి. ఆ వాదమును నేడు పరీక్షింపదలచినవారికి తర్కగ్రంథములకన్న ఔషధశాస్త్రములోని ప్రోస్టాగ్లాండిన్ల చరిత్రము ఎక్కువ అక్కరకు వచ్చునని నా తలంపు.

హార్మోను ఒక గ్రంథిలో పుట్టి, నెత్తుటిలో ప్రయాణించి, దూరముననున్న అవయవమును శాసించును. ప్రోస్టాగ్లాండిన్ అట్లుగాక, కణముల పైపొరలోని అరాకిడోనిక్ ఆమ్లమను క్రొవ్వునుండి అక్కడికక్కడ పుట్టి, ఇరుగుపొరుగు కణములకు పని చెప్పి, త్వరలోనే నశించును. 1935లో వీనికి పేరిడిన స్వీడను శాస్త్రజ్ఞుడు ఉల్ఫ్ వాన్ ఆయిలర్ తరువాత, ఆ దేశమువాడేయైన బెర్గ్‌స్ట్రోమ్ వీనిని శుద్ధరూపమున వేరుచేయగా, ఆయన శిష్యుడు సామ్యూల్సన్ ఇవి పుట్టు విధమును తేటపరుపగా, ఆస్పిరిన్ వీని తయారీనే అడ్డగించుచున్నదని 1971లో లండనున జాన్ వేన్ నిరూపించెను. బెర్గ్‌స్ట్రోమ్, సామ్యూల్సన్, వేన్ మువ్వురును 1982లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

నాట్ల కాలమున పగలంతయు బురదలో నడుము వంచి పనిచేసిన కూలి స్త్రీ సాయంకాలము పామర్రు మందుల షాపులో నొప్పి బిళ్ళ యడిగినపుడు, పరగడుపున వేసికొనరాదని ఆమెకు చెప్పుట యెందులకో వేన్ పరిశోధనవలన తెలిసినది. నడుమున నొప్పిని పెంచునదియు, కడుపులోపలి పొరను ఆమ్లమునుండి కాపాడునదియు ఈ ప్రోస్టాగ్లాండిన్లే. బిళ్ళ రెంటిని ఎంచి చూడలేదు. అరాకిడోనిక్ ఆమ్లము నెత్తుటి ఫలకికలలో త్రాంబాక్సేనుగా మారి రక్తమును గడ్డకట్టించును. అదియే రక్తనాళపు గోడలో ప్రోస్టాసైక్లినుగా మారి ఆ గడ్డను నివారించును. కడుపునకు హాని చేయని నొప్పిమందుగా వెలసిన రోఫెకాక్సిబ్, రెండవదానిని తగ్గించి మొదటిదానిని విడిచిపెట్టుటవలన గుండెపోటుల ముప్పును పెంచినదని తేలగా, 2004లో విపణినుండి తొలగింపబడినది. గర్భస్థశిశువు గుండెచెంత తెరచియుండు నాళమును నిలుపునదియు ప్రోస్టాగ్లాండినే. నెలలు నిండక పుట్టిన శిశువునందు ఆ నాళము మూతపడనిచో ప్రోస్టాగ్లాండినును అణచు మందు నిత్తురు. కొన్ని పుట్టుకతోడి గుండె లోపములందు, శస్త్రచికిత్స జరుగువరకు నాళము తెరచియుండవలెనని ప్రోస్టాగ్లాండినునే ఎక్కింతురు.

తెలుగు వైద్యశాస్త్రజ్ఞుడైన ఉండుర్తి ఎన్. దాస్ పరిశోధనయు ఈ దారినే నడచినది. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో పనిచేసి, 1992లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారమును పొందిన ఈయన, ఒక తెగ ప్రోస్టాగ్లాండినునకు మూలమైన గామా లినోలెనిక్ ఆమ్లము ఆరోగ్యవంతమైన కణములను అంతగా బాధింపని మోతాదులోనే కంతికణములను చంపగలదని ప్రయోగశాలలో చూపెను. ఒకే క్రొవ్వు ఒకచోట పోషకము, వేరొకచోట మారకము. నాట్లవేళ రైతు ఎదురుచూచిన వానయే కోసిన పనలపై కురిసినపుడు శాపమగుట ఈ సీమలో తెలియనివారెవ్వరు?

ఇచట పూర్వపక్షి యొకమాట యనవచ్చును: వస్తువునకు స్వభావమే లేనిచో మందునకు నియతమైన ఫలమెట్లు కలుగును? విషము విషము కాకపోవునా? ఈ ఆక్షేపణ నిస్స్వభావతను అభావముగా పొరబడుటవలన పుట్టినది. ఫలము లేదని ఎవరును అనలేదు. ఆ ఫలము హేతువుల కూడికకు లోబడియున్నదని మాత్రమే మా పక్షము. నిజమునకు, నొప్పికి మార్పులేని స్వభావమే యున్నచో దానిని ఏ ఔషధమును కదలింపజాలదు. హేతువులకు లోబడినది గనుకనే ఒక హేతువును తొలగించి దానిని తగ్గించుట సాధ్యమగుచున్నది. అంతయు శూన్యమైనచో మోక్షమార్గమును శూన్యమే యగునని తన్నాక్షేపించినవారికి నాగార్జునుడును ఈ తీరుననే, శూన్యతవలననే, అనగా నిస్స్వభావతవలననే, మార్గము సాధ్యమగునని బదులు పలికెను.

కావున బాధను ప్రారబ్ధమని అనుభవించి ఊరకుండవలెనను మాట నాకు ధర్మముగా తోపదు. ప్రారబ్ధమును ఒప్పుకొన్నవారు సైతము, బాధను కలిగించు హేతువులలో అదియొకటియని మాత్రమే యనగలరు గాని, తక్కిన హేతువులను తాకరాదని యనజాలరు. బాధను తీర్చుట కర్మకు అడ్డుపడుట కాదు, హేతుపరంపరలో మన పాలి పనిని మనము చేయుటయే. అయితే మందును దైవమని నమ్ముటయు అంతే పొరపాటు. ఏ మందైనను చేతికి వచ్చినపుడు ఇది మంచిదా, చెడ్డదా యని యడుగకుడు. ఎవరికి, ఎప్పుడు, ఎంత యని వైద్యు నడుగుడు.