డాక్టరమ్మ ముందు ఎవరు మాట్లాడాలి?

మేము ఏటూరునాగారం ఏజెన్సీ నుంచి వచ్చి మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల బతుకుతున్న కోయ కుటుంబాలం. మాలో టీచర్లం కొద్దిమందిమే. మిగతావాళ్లు కంపెనీల్లో హెల్పర్లు, అపార్ట్‌మెంట్ల దగ్గర వాచ్‌మన్లు, కొత్త వెంచర్లలో కూలీలు. ఊరి నుంచి ఎవరు వచ్చినా ముందు టీచర్లకే ఫోన్ చేస్తారు. ఆధార్ కార్డులో మార్పులు, పిల్లల అడ్మిషన్లు, ఆస్పత్రి పనులు, అన్నీ మా దగ్గరికే వస్తాయి. చదువుకున్నవాళ్లం కాబట్టి ఎవరితోనైనా మాట్లాడగలమని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని మేము ఎట్లా వాడుకున్నామో చెప్పడానికే ఇది రాస్తున్నాం.

రెండేళ్ల కిందట తుర్కపల్లి దగ్గర బిల్డింగు పనికి వచ్చిన మా పిల్ల ఒకామెకు ఆరో నెల. పేరు రాయడం లేదు. భర్తకు రాత్రి డ్యూటీ. "దగ్గర్లో మంచి లేడీ డాక్టర్‌ను చూడండి సారూ" అని ఆమె మరిది ఫోన్ చేశాడు.

అదేమంత కష్టం అనుకున్నాం. మేమున్న ప్రాంతం అట్లాంటిది. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో కరోనా టీకా కొవాగ్జిన్ తయారైంది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు సేవను నడిపే ఈఎంఆర్ఐ సంస్థ మేడ్చల్ రోడ్డులో దేవరయాంజాల్‌లోనే ఉంది. గర్భిణుల ఆరోగ్యం మీద అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంతో కలిసి చేసే పరిశోధన ఒకటి 2009లో మేడ్చల్ మండలం పల్లెల్లోనే మొదలైంది. ఇన్ని ఉన్న చోట ఒక గర్భిణికి డాక్టరు దొరకడం ఎంతసేపు?

డాక్టర్లు ఉన్నారు. కానీ ఏ దారి ఎంచుకున్నా ఏదో ఒకటి వదులుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, రక్తం, బరువు చూస్తారు, మాత్రలు ఇస్తారు. కాన్పు కష్టమయ్యేట్టుంటే గాంధీ ఆస్పత్రికి పొమ్మంటారు. శామీర్‌పేట నుంచి అక్కడికి బస్సులో గంట పైమాటే. ఆమె కూలీ పోతుంది, తోడు వచ్చేవాళ్ల కూలీ కూడా పోతుంది. అల్వాల్, కొంపల్లి, మేడ్చల్ రోడ్ల మీద ప్రైవేటు ఆస్పత్రుల బోర్డులు వరసగా కనిపిస్తాయి. అవి దగ్గరే, కానీ ఫీజు, స్కానింగు, మందులు కలిపితే నెల జీతం చాలదు.

మేము బడి పనిలాగే పద్ధతిగా వెతికాం. బోర్డు మీద ఎం.డి., ఎం.ఎస్. లేదా డి.జి.ఓ. ఉందా, చదివింది ప్రసూతి వైద్యమేనా అని చూశాం. డాక్టర్లు తమ రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లోనూ, రాసిచ్చే చీటీ మీదా చూపాలని 2002 నాటి వైద్య మండలి నిబంధన ఉంది. అదీ చూశాం. రాత్రిపూట కాన్పు చేస్తారా, రక్తం కావాల్సివస్తే ఎక్కడి నుంచి తెస్తారు, ఆపరేషన్ అయితే ఎంత అవుతుంది అని అడిగాం. చివరికి ఒక డాక్టరమ్మ దగ్గర పేరు రాయించాం. ఒక్క పని మాత్రం చేయలేదు. నీకేం కావాలమ్మా అని ఆ పిల్లను అడగలేదు.

లోపలికి ఆమెతో పాటు మాలో ఒకరం, ఆమె మరిది వెళ్లాం. డాక్టరమ్మ ఆమె వైపే చూసి అడిగింది. "ఎన్నో కాన్పు అమ్మా?" ఆ పిల్ల తల దించుకుంది. "మొదటిదే మేడం" అన్నాం మేము. "నొప్పులేమైనా వస్తున్నాయా?" "ఏం లేవు మేడం, కొంచెం నీరసం అంతే." అన్నిటికీ మేమే జవాబిచ్చాం. పది నిమిషాల్లో పని అయిపోయింది. బయటికొచ్చి, బాగా మాట్లాడామని సంతోషపడ్డాం కూడా.

పది రోజుల తర్వాత ఆ పిల్ల మా ఇంటి ఆడవాళ్లతో కోయ మాటలో అసలు సంగతి చెప్పింది. అంతకు రెండేళ్ల ముందు ఏడో నెలలో ఒక బిడ్డ కడుపులోనే పోయింది. ఇప్పుడూ అప్పుడప్పుడు నడుము పట్టేసి నొప్పి వస్తోంది. "మరి అక్కడెందుకు చెప్పలేదే?" అని అడిగితే, "మరిది ముందర ఎట్ల చెప్తా? సారు అప్పటికే మొదటిదని చెప్పిండు. సారు చెప్పింది తప్పని నేనెట్ల అంటా?" అంది.

మళ్లీ తీసుకెళ్లారు. ఈసారి మగవాళ్లం గేటు బయటే నిలబడ్డాం. డాక్టరమ్మ వెంటనే పరీక్షలు రాసింది, పెద్దాస్పత్రికి పంపింది. బిడ్డ నెల ముందుగానే పుట్టింది, బతికింది. ఆ పది రోజుల్లో ఏమైనా జరిగి ఉంటే అది ఎవరి తప్పు? డాక్టరమ్మ అడగాల్సింది అడిగింది. ఆ పిల్ల నోరు తెరిచేలోపే మేము జవాబిచ్చేశాం. తప్పు మాదే.

బడిలో ఇట్లాంటిది మనకు కొత్త కాదు. ఎంఈఓ సారు తనిఖీకి వచ్చి పిల్లవాణ్ని ప్రశ్న అడుగుతారు. వాడు తడబడితే పక్కనున్న మనమే జవాబు అందిస్తాం. బడి పరువు నిలిచిందనుకుంటాం. వాడికి ఏం రాదో సారుకు తెలియదు, మనకూ తెలియదు. డాక్టరమ్మ గదిలో మేము చేసిందీ అదే. మా మర్యాద నిలిచింది, ఆమె బాధ లోపలే ఉండిపోయింది.

దీనికి ఎదురు మాట ఉంది, అది బలమైనదే. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది కానీ ధైర్యంగా మాట్లాడలేదు. ఆస్పత్రి భాష అసలే తెలియదు. మేము మాట్లాడకపోతే ఎవరు మాట్లాడతారు? నిజమే, తోడు కావాలి. అయితే ఆమె మాటను చేరవేయడం ఒక పని, ఆమె బదులు మాట్లాడటం ఇంకో పని. మొదటి పనిలో ముందు ఆమె చెప్తుంది, తర్వాత మనం చెప్తాం. రెండో పనిలో ఆమె చెప్పాల్సిన అవసరమే ఉండదు. ఈ తేడా గట్టుకు అటూ ఇటూ ఉన్నంతే. కాలు ఎప్పుడు జారిందో సాయం చేసేవాడికి తెలియదు.

మన ఊళ్లలో కాన్పు ఆడవాళ్ల పని. మంత్రసాని, అత్త, అమ్మ లోపలుంటే మగవాళ్లు వాకిలి దాటి వచ్చేవాళ్లు కాదు. ఆ కాలం అంతా మంచిదని మేము అనడం లేదు. కాన్పు అడ్డం తిరిగితే డోలీ కట్టి వాగులు దాటించేవాళ్లు, దారిలోనే పోయిన తల్లులు మా కుటుంబాల్లో ఉన్నారు. ఆస్పత్రి కావాలి, డాక్టరు కావాలి. కానీ ఆ గదిలో ఆమె ఎవరికి భయపడకుండా మూలిగేదో ఆ మనుషులు ఉండేవాళ్లు. పట్నం వచ్చాక ఆ ఆడవాళ్లు ఊళ్లోనే ఉండిపోయారు. వాళ్ల చోటులోకి ఫోన్లు, బైకులు ఉన్న మగవాళ్లం వచ్చాం.

ఆమె మాట ఆమెదే అన్న సంగతి చట్టం కూడా చెప్పింది. ఢిల్లీలో ఒకామెకు పరీక్ష కోసమని మత్తిచ్చి, ఆమె మత్తులో ఉండగా బయట ఉన్న తల్లి ఒప్పుకుందని గర్భసంచి తీసేశారు. 2008లో సుప్రీంకోర్టు ఆ ఒప్పుకోలు చెల్లదని చెప్పింది. స్పృహలో ఉండి నిర్ణయించుకోగల పెద్ద మనిషి తరఫున, ప్రాణం మీదికి వస్తే తప్ప, కన్నతల్లి అయినా ఒప్పుకోకూడదు. తల్లికే లేని హక్కు మరిదికో, టీచరుకో ఎక్కడిది?

మన రాష్ట్రంలో ఈ మాట ఇంకా ఎక్కువ గుర్తుండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వందకు 60 పైగా కాన్పులు ఆపరేషన్‌తోనే అయ్యాయి, ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే వందకు 81 పైగా. దేశమంతటా చూస్తే ఆ లెక్క 21 చిల్లర. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లోనూ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయి. ఆపరేషన్ చాలామంది ప్రాణాలు కాపాడుతుంది, అందులో అనుమానం లేదు. కానీ "ఎందుకు చేస్తున్నారు? ఆగితే ఏమవుతుంది?" అని అడిగే నోరు ఆమెకు ఉండాలి. మొదటి రోజు నుంచీ మనమే జవాబులిస్తూ వస్తే, ఆఖరి రోజు ఆమె ఎట్లా అడుగుతుంది?

అందుకని ఇప్పుడు మేము కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. బయల్దేరే ముందు రాత్రి మా ఆడవాళ్లు ఆమెతో కూర్చుంటారు. ఇంతకుముందు కాన్పులు, పోయిన బిడ్డలు, నొప్పులు, ఇంట్లో ఎవరికైనా సికిల్ సెల్ జబ్బు ఉందా, ఇవన్నీ ఆమె నోటితో చెప్పించుకుంటారు. సికిల్ సెల్ మన గిరిజనుల్లో ఎక్కువ. పట్నం డాక్టరుకు మనం చెప్తేనే గుర్తొస్తుంది. ఊళ్లో ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు వెంట ఉంచుతాం. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూసే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది. ఆ రోజుకు ముందే కూలీ సర్దుకుంటాం. గదిలోకి ఆమె కోరిన ఆడమనిషే వెళ్తుంది. కాన్పు గదిలో కూడా ఒక ఆడతోడును ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే ప్రభుత్వ ఆస్పత్రులకు చెప్పింది. ఆ సంగతి సిస్టర్లకు వినయంగా గుర్తు చేస్తాం.

అన్నిటికంటే కష్టమైంది ఊరుకోవడం. డాక్టరమ్మ ప్రశ్న అడిగాక ఆ పిల్ల ఆలోచించుకునే ఆ కొద్దిసేపు మనకు చాలా పొడుగ్గా అనిపిస్తుంది. బయట లైన్ పెరుగుతుంది, డాక్టరమ్మ పెన్ను పట్టుకుని చూస్తుంటుంది. జవాబు మన నాలుక చివర ఉంటుంది. అయినా ఆగాలి.

దగ్గరలో మంచి డాక్టర్‌ను చూడమని ఇప్పటికీ ఫోన్లు వస్తూనే ఉన్నాయి. చూస్తున్నాం. ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఫీజు అని అడిగినట్టే ఇంకో రెండు ప్రశ్నలు కలిపాం. ఆ డాక్టరు ఆమె మాట పూర్తయ్యేదాకా వింటుందా? తోడు వెళ్లే మనం విననిస్తామా? మొదటిదానికి జవాబు ఆస్పత్రికి వెళ్తే తెలుస్తుంది. రెండోదానికి జవాబు ఇంట్లోనే, ఆమె చెప్తుంటే మనం మధ్యలో మాట్లాడామా లేదా అన్నదాంట్లోనే తెలిసిపోతుంది.