పనిశాలకు పిట్టగోడ

ధ్యానభాగము: ద్వితీయోపదేశకాండము 22:8



మిద్దెమీద తిరుగువాడు జారి పడకుండ అంచున అడ్డుగోడ పెట్టుట ఇంటివాని పూచీ యని ధర్మశాస్త్రము నిర్ణయించుచున్నది. పడినవాని అజాగ్రత్తను గూర్చి ఆ వాక్యము విచారింపదు. గోడ కట్టనివానినే అడుగుచున్నది. ఈ మాట వడ్రంగి పనికిని చెల్లునని మేము ఆలస్యముగా నేర్చుకొంటిమి.

ఒకయేడు మా సంఘమునకు బల్లలు కావలసివచ్చెను. పని తెలిసిన సహోదరుడొకడు తన ఇంటి వసారాలోనే చేసి యిచ్చుటకు ఒప్పుకొనెను. క్రిస్మసు లోపల కావలెనని పెద్దలమైన మేము రెండుమారులు కబురు పంపితిమి. మూడవమారు స్వయముగా వెళ్లితిమి. అప్పటికి రాత్రియైనది. అతడు టేకు పలకలమీద కరెంటు యంత్రముతో ఉప్పు కాగితము పట్టించుచుండెను. దీపము చుట్టును ధూళి మంచువలె నిలిచియుండెను. నీళ్లకుండ మూతమీద వ్రేలితో గీసినచో గీత పడుచుండెను. దూలమునకు కట్టిన ఉయ్యాలలో బిడ్డ దగ్గుచుండెను.

“చలిదగ్గు లెండి, అయ్యగారూ” అని తల్లి చెప్పెను. కాబోలు ననుకొని, బల్లల నునుపు చూచి సంతోషించి, ప్రార్థన చేసి వచ్చితిమి. తలంచినప్పుడెల్ల సిగ్గుపడుచున్నాము.

మన ప్రభువు నజరేతులో వడ్రంగి యనిపించుకొనెను (మార్కు 6:3). కంటిలోని నలుసును గూర్చి ఆయన చెప్పిన పోలిక పనిశాల నెరిగినవాని పోలికయే. అయితే కంటిలో పడిన నలుసు నీరు తెప్పించి తన్ను తానే తెలుపుకొనును. కంటికి కనబడని సన్నని ధూళి అట్లు కాదు. అది గంటలకొలది గాలిలో తేలి, శ్వాసతో ఊపిరితిత్తులలోనికి దిగును, ఉబ్బసమునకు దారితీయును. కుర్చీల పనికి పేరొందిన హై వికం అను ఇంగ్లాండు పట్టణ ప్రాంతమున, కొయ్య పనివారిలో ముక్కులోపల అరుదైన క్యాన్సరు ఎక్కువగా కనబడుటను 1960 దశకమున వైద్యులు గుర్తించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో కొయ్య ధూళిని మనుష్యులకు క్యాన్సరు కలుగజేయు వాటిలో చేర్చినది.

ఈ సంగతి తెలిసిన పిమ్మట మరల ఆ ఇంటికి పోయి, తప్పు మాదేయని చెప్పితిమి. మొదట ఉయ్యాల లోపలిగదికి మారెను. తరువాత పని చింతచెట్టు క్రిందికి మారెను. గాలి ప్రక్కనుండి వీచునట్లు బల్ల వేసికొనెను. పదునైన చిత్రికనుండి వచ్చు పొట్టు చుట్టలుగా నేలబడును, ఉప్పు కాగితపు ధూళి పైకి లేచును. కాబట్టి చిత్రికతోనే నునుపు తెచ్చి, ఉప్పు కాగితమును చివర కొంచెమే వాడుచుండెను. యంత్రము పెట్టవలసివచ్చినప్పుడు ధూళి పీల్చు గొట్టము తగిలించెను. ముఖమునకు చుట్టిన తువ్వాలు ముతక పొట్టునే ఆపును గనుక ఎన్ 95 ముసుగు తెచ్చుకొనెను. పొడి చీపురు మానివేసి, నీళ్లు చల్లి ఊడ్చుట అతని భార్య ఏర్పాటు. ఆమె మరియొకటి కూడ విధించెను: చొక్కా విప్పి, చేతులు ముఖము కడుగుకొననిదే బిడ్డను ఎత్తుకొనరాదు. (ఇది అతనికి అన్నిటికంటె కష్టమాయెను.)

బిడ్డ దగ్గు చలివలననో ధూళివలననో మేము ఎరుగము. చిత్రికపని నిదానమైనది గనుక బల్లలు పండుగకు అందలేదు. ఆ క్రిస్మసు ఆరాధనలో పెద్దలమందరము చాపలమీదనే కూర్చుంటిమి.