గోడకు ఆ పక్క సాంచాలు, ఈ పక్క బేస్

అల్లుడూ,

నువ్వు పంపిన రికార్డింగు విన్నాను. చెయ్యి బాగా తిరిగింది. ఏడు మాత్రల లెక్కలో ఎక్కడా తడబడలేదు. కానీ స్వరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, నువ్వు పడ్డ కష్టం వినేవాడి చెవి దాకా రావడం లేదు. బేస్ గిటార్‌ను నేరుగా డిస్టార్షన్ పెడల్‌లోకి పంపి, దాన్ని చివరంటా తిప్పి, ఆ ఒక్కటే రికార్డు చేశావని తెలుస్తూనే ఉంది. ఇంకో పెడల్ కొనాలని మీ అమ్మను డబ్బులు అడిగావట. కొనకు. నేను చెప్పేది ఒక్కటే: బేస్ అడుగు భాగానికి గరుకు తగలనివ్వకు. గరుకంతా పై భాగానికే పెట్టు. అందుకు శబ్దాన్ని రెండు దారులుగా చీల్చాలి.

ఇది నా సొంత తెలివి కాదు, యెస్ బ్యాండులో క్రిస్ స్క్వైర్ చూపించిన దారి. లండన్‌లో ఒక వాద్యాల దుకాణంలో పనిచేసే కుర్రతనంలో కొనుక్కున్న రికెన్‌బ్యాకర్ బేస్‌ను ఆయన చివరిదాకా వదల్లేదు. దాని రెండు పికప్‌ల శబ్దాన్ని విడివిడిగా బయటికి తీసి, వేర్వేరు దారుల్లో పంపేవాడు. తీగలు రోటోసౌండ్ రౌండ్‌వౌండ్. వాయించేది పిక్‌తో, అదీ పిక్ తగిలిన వెంటనే బొటనవేలి కండ కూడా తీగకు రాసుకునేలా. 1971లో వచ్చిన 'ఫ్రాజైల్' ఆల్బమ్‌లో 'రౌండెబౌట్' విను. బేస్ గరగరలాడుతూనే ఉంటుంది, అయినా ఏ స్వరమూ చెదరదు. అదే ఆల్బమ్‌లోని 'ది ఫిష్' దాదాపుగా బేస్ మీద బేస్ పేర్చి కట్టిన పాట. హెడ్‌ఫోన్‌లో విని, ఎన్ని బేస్‌లు ఉన్నాయో కాగితం మీద రాసుకో. ఇంతకన్నా మంచి పాఠం నేను చెప్పలేను.

ప్రోగ్రెసివ్ రాక్‌లో బేస్‌ది రెండు చేతుల పని. డ్రమ్స్‌తో కలిసి ఆధారం నిలబెట్టాలి, గిటార్‌తో సమానంగా రాగమూ పాడాలి. ఒకే దారిలో పంపిన శబ్దం ఈ రెండూ చేయలేదు. మనకు ఇదేమీ పరాయి సంగతి కాదు. మన భివండి పద్మనగర్‌లో ఇళయరాజా పాట మోగని ఇల్లు ఉందా? ఆయన పాటల్లో పల్లవి ఒక దారిన పోతుంటే బేస్ తనదైన ఇంకో పాట పాడుకుంటూ పోతుంది. ఏళ్ల తరబడి ఆయన దగ్గర బేస్ వాయించిన శశిధరన్‌ను మేము, పెళ్లి ఆర్కెస్ట్రా వాళ్లం, గురువుగానే భావించేవాళ్లం. బెంగళూరు బ్యాండు అగమ్ త్యాగయ్య 'బంటురీతి'ని 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' పేరుతో రాక్‌లోకి తెచ్చింది. తెలుగు కృతిని ఈ సంగీతంలోకి ఎలా దించాలో తెలుసుకోవాలంటే అది కూడా విను. గమకం కింద బేస్ ఎక్కడ నిలబడాలో, ఎక్కడ తప్పుకోవాలో తెలుస్తుంది.

ఇక చేసే పని చెబుతా. గిటార్‌ను పెడల్ ఏదీ లేకుండా పికప్ శబ్దాన్ని నేరుగా అందించే డీఐ బాక్సు మీదుగా ఇంటర్‌ఫేస్‌లోకి పంపు. ఆ శుభ్రమైన ట్రాకే నీ పెట్టుబడి, దాన్ని ఎప్పటికీ చెరిపెయ్యకు. కంప్యూటర్‌లో దానికి రెండు కాపీలు తియ్యి. మొదటిదాంట్లో సుమారు 200 హెర్ట్జ్ పైనున్నదంతా కోసేసి, కంప్రెసర్‌ను 4:1 దగ్గర పెట్టి, స్వరాలన్నీ ఒకే మట్టంలో నిలిచేలా చూడు. రెండోదాంట్లో ఆ హద్దు కిందిదంతా తీసేసి, ఆ తర్వాతే డిస్టార్షన్ పెట్టు. ఈ వరస తప్పకూడదు. కింది స్వరాలకే బలం ఎక్కువ కాబట్టి, వాటిని తియ్యకుండా పంపితే డిస్టార్షన్‌ను అవే మింగేస్తాయి, పై స్వరాలు వాటితోపాటు ఊగిపోతాయి. నీ రికార్డింగులో జరిగింది అదే.

ఆ పై గరుకు అవసరం ఫోన్లో వినేవాళ్లకే ఎక్కువ. ఎక్కడా నొక్కకుండా E తీగను మీటితే వచ్చేది 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్ అంత కిందికి దిగలేదు. కానీ 165, 206, 247 దగ్గర దాని గుణిజాలు గట్టిగా వినబడితే, లేని అడుగును మెదడే పూరించుకుంటుంది. డిస్టార్షన్ చేసే మేలు ఆ గుణిజాలను పెంచడమే.

యాంప్ ముందు మైక్ కూడా పెడతానంటే పెట్టు, కానీ ఒక మీటరు దూరంలో పెడితే శబ్దం డీఐ కన్నా సుమారు 3 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపితే 170 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, బేస్ సన్నబడుతుంది. మైక్ ట్రాకును ఆ మేరకు ముందుకు జరుపు. చాలామంది ఇది చూసుకోక, లావు కోసం మళ్లీ ఈక్యూ మీద పడతారు.

ఖరీదైన గిటార్ లేదని బాధపడకు. రష్ బ్యాండు గెడ్డీ లీ తన 1972 నాటి ఫెండర్ జాజ్ బేస్‌ను అమెరికాలో కలమజూ ఊళ్లో ఒక తాకట్టు దుకాణంలో సుమారు 200 డాలర్లకు కొన్నాడు. 1981 నాటి 'టామ్ సాయర్'లో మోగేది అదే. పింక్ ఫ్లాయిడ్ 'వన్ ఆఫ్ దీజ్ డేస్'లో రెండు బేస్‌లు ఉన్నాయి. కొత్త తీగలు తెమ్మని పంపిన మనిషి వేళకు రాక, ఒకదానికి పాత తీగలే ఉండిపోయాయట. రెండింటి తేడా చెవికి స్పష్టంగా తెలుస్తుంది. అందుకే పెడల్‌కు దాచిన డబ్బుతో ధోబీ తలావ్ వెళ్లి మంచి తీగలు కొనుక్కో. వాయించడం అయ్యాక ప్రతిసారీ పొడిగుడ్డతో తుడువు. మన ఊళ్లో వానాకాలపు చెమ్మ ఒకవైపు, సాంచాల (మరమగ్గాల) నుంచి లేచే నూలు నూగు ఇంకోవైపు.

ఊరి సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా, గోడ అవతల సాంచాలు కొడుతుంటే రికార్డింగు ఎలా అని దిగులుపడకు. పికప్ వినేది గాలిని కాదు, తీగ కదలికను. డీఐ మన భివండి కోసమే పుట్టిందా అనిపిస్తుంది నాకు. నీకు అడ్డొచ్చేది కరెంటు హమ్. మన కరెంటుది 50 హెర్ట్జ్. E తీగ మూడో ఫ్రెట్‌లో జీ (G) స్వరం 49. రెండూ కలిస్తే సెకనుకు ఒకసారి శబ్దం ఉబ్బి తగ్గుతుంది. నువ్వు జీ పట్టి నిలబెట్టిన చోట ఆ ఊగుడు వినలేదా? ఈక్యూతో 50ని కోస్తే హమ్‌తోపాటు జీ కూడా పోతుంది. నీది జాజ్ తరహా బేస్ కదా, రెండు పికప్‌ల వాల్యూమ్ సమానంగా పెట్టు, ఒకదాని హమ్‌ను ఇంకొకటి కొట్టేస్తుంది. ఒక పికప్పే కావాలంటే, హమ్ తగ్గే దిక్కు దొరికేదాకా కుర్చీలోనే అటూ ఇటూ తిరుగు. ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడుపు. ఒట్టు వేయించుకుంటున్నా, హమ్ పోతుందని ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా పీకకు.

నీ గది పదడుగులది. ఆ వెడల్పుకు 56 హెర్ట్జ్ దగ్గర అనునాదం పుడుతుంది. నొక్కని A తీగది 55. అందుకే గోడ పక్కన కూర్చుంటే A స్వరం దద్దరిల్లుతుంది, గది నడిమధ్య కూర్చుంటే మాయమవుతుంది. ఆ గదిలో స్పీకర్ మీద విని అడుగు భాగాన్ని సరిచేయకు. హెడ్‌ఫోన్‌లో చెయ్యి, ఆటోలో విను, ఫోన్లో విను.

చెవుల మాట కూడా చెప్పనీ. సాంచాల కార్ఖానా శబ్దం 90 డెసిబెల్స్ దాటుతుంది, మన వాళ్లు పన్నెండేసి గంటల షిఫ్టు అందులోనే నిలబడతారు. అలాంటి చోట ముందుగా పోయేది 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి. పిక్ తగిలే చురుకు, తీగ ఫ్రెట్‌కు కొట్టుకునే చప్పుడు ఉండేది కూడా ఆ చుట్టుపక్కలే. నా చెవిలో అవి ఎప్పుడో పోయాయి. కాబట్టి ట్రెబుల్ చాలలేదని నేనంటే పట్టించుకోకు, మీ చెల్లెను అడుగు. నువ్వు కార్ఖానాలోకి నాన్నకు టిఫిన్ ఇవ్వడానికి వెళ్లినా సరే, రిహార్సల్‌లో డ్రమ్స్ పక్కన నిలబడినా సరే, చెవుల్లో ప్లగ్గులు పెట్టుకో. అందరూ నవ్వుతారు, నవ్వనీ.

ఈసారి మిక్స్ పంపకు. పెడల్ లేని డీఐ ట్రాకు ఒక్కటే పంపు, జీ స్వరం నిలిపిన చోటు తప్పకుండా ఉండాలి. లామింగ్టన్ రోడ్డులో అంటుకునే రాగి రేకు దొరుకుతుంది, ఒక చుట్ట తెచ్చిపెట్టు. అసలు హమ్‌ను అది ఆపదు గానీ, ట్యూబ్‌లైట్ల జుయ్యిమనే గోలను ఆపుతుంది. కార్ఖానా సెలవు నాడు గిటార్ తీసుకుని ఇంటికి రా. సోల్డరింగ్ ఐరన్ నా దగ్గర ఉంది, ఇద్దరం కూర్చుని లోపలంతా రేకు అంటిద్దాం.

నీ మామ