మంచి మనసు ఒక్కటే చాలునా?

భార్యాభర్తల మధ్య మనస్పర్థలు పెరిగి వ్యవహారం కోర్టు మెట్లెక్కిందనుకోండి. భర్తకు ఒక వకీలు, భార్యకు ఒక వకీలు ఉంటారు. భర్త వైపు బిడ్డ బాబాయిలు, మేనత్తలు నిలబడతారు. భార్య వైపు మేనమామలు, పిన్నమ్మలు నిలబడతారు. అందరి నోటా బిడ్డ పేరే! అందరూ “మేము బిడ్డ మేలు కోసమే మాట్లాడుతున్నాం” అనేవారే. కాని నిజంగా ఆ పసివాని పక్షాన నిలబడింది ఎవరు?

ఈ ప్రశ్నకు సమాధానంగానే కొన్ని దేశాల్లో ‘గార్డియన్ యాడ్ లిటెం’ అనే బాధ్యతను ఏర్పరచారు. ఇందులో ‘యాడ్ లిటెం’ లాటిన్ మాట. దావా నడిచినంత కాలం బిడ్డ ప్రయోజనాన్ని కాపాడే సంరక్షకుడని అర్థం. అతడు తల్లి మనిషీ కాదు, తండ్రి మనిషీ కాదు. బిడ్డను కలిసి, ఇల్లు చూసి, బడిలో విచారించి, బిడ్డకు ఏది మేలో న్యాయమూర్తికి విన్నవిస్తాడు.

అమెరికాలో హింసకు, నిర్లక్ష్యానికి గురైన పిల్లల కేసుల్లో ఇలాంటి ప్రతినిధిని నియమించాలని 1974 నాటి చట్టం రాష్ట్రాలకు షరతు పెట్టింది. 1977లో సియాటిల్‌కు చెందిన న్యాయమూర్తి డేవిడ్ సూకప్, తగినంత సమాచారం లేకుండానే పిల్లల భవిష్యత్తును తేల్చవలసి వస్తున్నదని కలత చెంది, ఈ పనికి సామాన్య పౌరులనే స్వచ్ఛంద సేవకులుగా తీసుకున్నాడు. అలా మొదలైనదే ‘కాసా’. అయితే వచ్చినవారందరినీ నేరుగా బిడ్డ దగ్గరకు పంపరు. ముందు కనీసం 30 గంటల శిక్షణ, ఆ తర్వాత ఏటా 12 గంటలు నేర్చుకోవాలన్నది ఆ సంస్థ ప్రమాణం. 2003లో చట్టాన్ని సవరించినప్పుడు, బిడ్డ ప్రతినిధికి ఆ పాత్రకు తగిన శిక్షణ ఉండి తీరాలని చేర్చారు.

మన దేశంలో 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 32వ ఆర్డర్ కూడా మైనరు తరఫున దావాలో నిలబడే సంరక్షకుని గురించి చెబుతుంది. అతడు మేజరై ఉండాలి, మతిస్థిమితం ఉండాలి, అతని ప్రయోజనం మైనరు ప్రయోజనానికి విరుద్ధంగా ఉండకూడదు. కోర్టు అనుమతి లేకుండా మైనరు తరఫున రాజీ కుదుర్చుకోకూడదు. మంచి షరతులే! కాని శిక్షణ మాట అందులో లేదు.

ఇక్కడే ఒక నైతిక ప్రశ్న తలెత్తుతుంది. “బిడ్డపై ప్రేమ ఉంది, దైవభీతి ఉంది. ఇక శిక్షణ ఎందుకు?” అని మనలో చాలామంది అనుకుంటారు. నిజమేనా?

హజ్రత్ అబూజర్ గిఫ్ఫారీ (రజి) సంగతి చూడండి. ఆయన నిజాయితీని, నిరాడంబరతను శంకించేవారు లేరు. అనాథను పోషించేవాడు స్వర్గంలో తనకు రెండు వేళ్ళంత దగ్గరగా ఉంటాడని శుభవార్త ఇచ్చిన దైవప్రవక్త (సఅసం), అదే అబూజర్ (రజి)తో మాత్రం అనాథ సొమ్ము బాధ్యతను తలకెత్తుకోవద్దని చెప్పారు. కారణం కూడా దాచలేదు. ఈ విషయంలో నీవు బలహీనుడివి, నాకోసం కోరుకునేదే నీకోసమూ కోరుకుంటున్నాను అన్న భావంతో ప్రేమగా నచ్చజెప్పారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

ఆలోచించండి! ఇక్కడ లోపించింది విశ్వాసం కాదు, సంకల్పశుద్ధీ కాదు. ఆ పనికి కావలసిన సామర్థ్యం. పుణ్యం ఎంత గొప్పదైనా, సామర్థ్యం లేనివాడు ఆ పని చేపడితే నష్టపోయేది అతడొక్కడే కాదు. నోరులేని బిడ్డ కూడా నష్టపోతుంది.

దివ్యఖుర్ఆన్ కూడా ఈ రెండు గుణాలను జతగానే ప్రస్తావించింది. హజ్రత్ యూసుఫ్ (అలై) ఖజానా బాధ్యతను కోరినప్పుడు తాను కాపాడేవాడినని, తెలిసినవాడిని కూడానని చెప్పారు (12:55). హజ్రత్ మూసా (అలై)ను పనిలో పెట్టుకోమని తండ్రికి సలహా ఇచ్చిన అమ్మాయి ఆయన బలాన్ని, నమ్మకస్తతను రెంటినీ పేర్కొన్నది (28:26). వైద్యం రానివాడు వైద్యం చేస్తే జరిగిన నష్టానికి అతడే బాధ్యుడని హదీసు హెచ్చరిస్తున్నది. దేహానికి చేసే చికిత్స విషయంలోనే ఇంత జాగ్రత్త చెప్పినప్పుడు, పసిమనసు భవిష్యత్తు విషయంలో ఇంకెంత జాగ్రత్త కావాలి?

ఇంతకీ ఆ శిక్షణలో నేర్చుకునేదేమిటి? బిడ్డతో ఏకాంతంగా, మన జవాబును దాని నోట పెట్టకుండా మాట్లాడటం. ఏ వయసు పిల్లలు ఏమి చెప్పగలరో గ్రహించడం. కళ్ళతో చూసినదాన్ని, చెవిన పడినదాన్ని వేరుచేసి రాయడం. ఇంటి గుట్టును కాపాడటం. అన్నింటికంటే కష్టమైనది, తన మొగ్గును తానే పట్టుకోవడం. ఇవి మనకు కొత్త బోధనలా? వార్త తెచ్చినవాణ్ణి నమ్మేముందు నిర్ధారించుకోమన్నది దివ్యఖుర్ఆనే (49:6). తెలియనిదాని వెంటపడవద్దని, చెవిని, కంటిని, మనసును గురించి ప్రశ్నించడం జరుగుతుందని హెచ్చరించింది దివ్యఖుర్ఆనే (17:36). సాక్ష్యం తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే న్యాయానికే కట్టుబడమన్నదీ దివ్యఖుర్ఆనే (4:135).

ప్రేమ ఉన్నచోటే మొగ్గు కూడా ఉంటుంది. హజ్రత్ హమ్జా (రజి) కుమార్తెను పెంచుతామని హజ్రత్ అలీ, జాఫర్, జైద్ (రజి) ముగ్గురూ ముందుకొచ్చారు. ముగ్గురూ ఉత్తములే, ముగ్గురి ప్రేమా నిజమే. దైవప్రవక్త (సఅసం) ఆ పాపను జాఫర్ (రజి) ఇంటికి ఇచ్చారు. ఎందుకంటే ఆ ఇంట్లో పాప పినతల్లి ఉన్నారు, పినతల్లి తల్లితో సమానం. అంటే చూసింది పెద్దల హోదాను కాదు, పాపకు దొరికే ఒడిని. ఆ తర్వాత ముగ్గురితోనూ మనసుకు హత్తుకునే మాట ఒక్కొక్కటి పలికి ఊరడించారు. బంధాలు తెగకుండా తీర్పు చెప్పడం కూడా ఒక విద్యే.

మరో సందర్భంలో ఒక బాలుణ్ణి తల్లి, తండ్రి ఇద్దరిలో ఇష్టమైనవారి చెయ్యి పట్టుకోమన్నారు. అతడు తల్లి చెయ్యి పట్టుకున్నాడు. అలాగని బిడ్డ చెప్పిన ప్రతిమాటా బిడ్డ మాటే అవుతుందా? షాఫయీ పండితులు ఊహ తెలిసిన బిడ్డకు ఎంపిక ఇస్తారు. హనఫీలు బిడ్డ ఎంపికపై ఆధారపడరు. మన 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం బిడ్డ శ్రేయస్సును ముందు పెట్టి, తెలివిగా చెప్పగల వయసుంటే బిడ్డ ఇష్టాన్ని కూడా పరిగణించవచ్చని చెబుతుంది. “అబ్బా దగ్గరికి వెళ్ళను” అన్న మాట బిడ్డ గుండెలోంచి వచ్చిందా, రాత్రి ఎవరైనా నేర్పి పంపారా అన్నది ప్రేమ ఒక్కదానితో తెలిసేది కాదు.

అయితే ఒక అభ్యంతరాన్ని తోసిపుచ్చలేము. “శిక్షణ లేదని అందరూ తప్పుకుంటే బిడ్డకు దిక్కెవరు?” న్యాయమైన ప్రశ్నే. హనఫీ ధర్మవేత్తలు దీనికి చక్కని దారి చూపారు. వీలునామాతో నియమితుడైన సంరక్షకుడు నిజాయితీపరుడై ఉండి పని చేతకానివాడైతే, ఖాజీ అతనికి సమర్థుణ్ణి జతచేస్తాడు. కనుక మంచి మనసును కాదనవలసిన పని లేదు, దానికి తెలివిడిని తోడు చేయాలి. సమాజంలో కొందరైనా ఈ విద్య నేర్చుకుంటే మిగతావారి భారం దిగుతుంది. ఎవరూ నేర్చుకోకపోతే అందరం దోషులమే.

భార్యాభర్తల తగవులో ఇరువైపుల నుండి ఒక్కొక్క మధ్యవర్తిని పెట్టమని అల్లాహ్ ఆదేశించాడు (4:35). మన మొహల్లాల్లో మధ్యవర్తులుగా కూర్చునే పెద్దలు, మస్జిద్ కమిటీ సభ్యులు, చదువుకున్న సోదరీమణులు ఈ విషయంపై దృష్టి పెట్టాలి. పిల్లల మనస్తత్వం తెలిసినవారిని, చట్టం తెలిసినవారిని, ఆలిములను ఒకచోట కూర్చోబెట్టి నేర్చుకోవాలి. తెలియనిచోట “నాకు తెలియదు” అనడానికి సిగ్గుపడకూడదు.

తాము కూడా వెనుక బలహీనులైన పిల్లల్ని వదలి వెళ్ళవలసి వస్తే ఎంత బెంగపడతారో తలచుకుని, అల్లాహ్‌కు భయపడి సూటిగా, సరిగా మాట్లాడమని దివ్యఖుర్ఆన్ మనల్ని హెచ్చరిస్తున్నది (4:9). పరాయి బిడ్డ గురించి నోరు తెరిచే ముందు మన బిడ్డ ముఖం ఒకసారి గుర్తుచేసుకుందాం. మనం లేని రోజున ఆ బిడ్డ తరఫున ఎలాంటివాడు మాట్లాడాలని కోరుకుంటామో, అలాంటివారం కావడానికి నేర్చుకుందాం.

అల్లాహ్ మనకు మంచి మనసుతోపాటు మంచి జ్ఞానాన్ని, న్యాయంగా పలికే నాలుకను ప్రసాదించుగాక! ఆమీన్.